బయ్యమ్మ నేర్పిన వరసలు

జీపు శబ్దం వినిపిస్తే చాలు, ఆ షెడ్డులో ఉన్న ఆడవాళ్ళు వెనక తలుపు తీసుకుని పరుగెత్తేవారు. వేడినీళ్ళలో నాని నాని వాళ్ళ చేతులు తెల్లగా ఉబ్బి ఉండేవి. ఆ చేతులతోనే చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, కంపచెట్ల సందుల్లోంచి చింతతోపుదాకా పోయి కూర్చునేవారు. ఆఫీసరు టీ తాగి వెళ్ళిపోయాడని కబురొస్తే తిరిగి వచ్చి, చల్లారిన బేసిన్ల ముందు మళ్ళీ కూర్చునేవారు.

మదనపల్లెలో, నీరుగట్టువారిపల్లె దాటాక, పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే రీలింగు షెడ్డు అది. కూలీలు అంతమంది ఉన్నారని తెలిస్తే ఫ్యాక్టరీ చట్టం వచ్చి కూర్చుంటుంది. యంత్రాలకు అడ్డుకంచెలు పెట్టమంటుంది, వైద్యం చూడమంటుంది, దెబ్బ తగిలితే పరిహారం ఇమ్మంటుంది. యజమానికి అవేవీ వద్దు. అందుకని షెడ్డులో కూలీలే లేరని చూపించాలి. కూలీలను దాచడానికి యజమాని కష్టపడనక్కర లేదు. వాళ్ళే పరుగెత్తి దాక్కుంటారు. ఇంతకంటే సుఖమైన ఏర్పాటు ఏ పరిశ్రమలో ఉంటుందో నాకు తెలియదు.

ఆ పరుగు మాన్పించింది మా పెద్దమ్మ బయ్యమ్మ. అది ఆమె చేసిన మంచి పని. అదే ఆమె చేసిన తప్పు కూడా.

పెద్దమ్మ పుట్టింది చౌడేపల్లె పక్కన ఒక పల్లెలో. మెట్ట సేద్యం, రెండు ఆవులు. భర్త ఆదెప్ప లారీలకు బస్తాలెత్తే పని చేస్తూ గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. తొంభైల మొదట్లో మదనపల్లె వచ్చి, మా ఇంటి వెనక రేకుల గదిలో ఉంటూ, రీలింగు పనికి చేరింది. ఉడికే నీళ్ళలో తేలే గూటికి వేళ్ళతో దారం కొస పట్టాలి. అలాంటివి కొన్ని కలిపి, పైన తిరిగే రాట్నానికి అందించాలి. నీళ్ళు చల్లగా ఉంటే దారం రాదు, వేడిగా ఉంటే చర్మం ఉండదు. సాయంత్రానికి వేలి కొసలు ఉల్లిపొరల్లా ఊడేవి. గూటిలో చచ్చిన పురుగు వాసన ఒంటికి పట్టేది. బస్సులో ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు మెల్లగా లేచిపోతే, "మేలే గదా, కాళ్ళు సాపుకోవచ్చు" అనేది.

షెడ్డు యజమాని జయచంద్ర ఆమెకన్నా చిన్నవాడు. తండ్రి హఠాత్తుగా పోవడంతో షెడ్డు నెత్తిన పడింది. పనికి మనుషులను పట్టుకురావడం అతనికి చేతకాలేదు. ఏ ఇంట్లో ఏ ఆడమనిషికి పని అవసరమో, ఎవరికి చంటిబిడ్డ ఉందో, ఎవరి మొగుడు పనికి పంపడో పెద్దమ్మకు తెలుసు. ఆమె పిలిస్తే వచ్చేవారు, వద్దంటే ఆగేవారు. కిటికీ పక్క బేసిను ఎవరికి, పొగ కొట్టే మూల ఎవరికి, ఎవరు కాస్త ఆలస్యంగా రావచ్చు, అన్నీ ఆమె తీర్పే. జయచంద్ర ఆమెను అక్కా అనేవాడు.

ఆ పలుకుబడితో ఆమె సాధించినవి తక్కువేమీ కావు. మరుగుదొడ్డికి తలుపు పెట్టించింది. చేతులకు పూసుకోవడానికి సాయంత్రం కొబ్బరినూనె ఇప్పించింది. చంటిపిల్లలకు షెడ్డు దూలానికి ఉయ్యాల కట్టుకునే అనుమతి తెచ్చింది. ఎండాకాలం మజ్జిగ తెప్పించింది. అడగడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. పదిమందిలో అడగకూడదు. కూలి ఇచ్చే రోజు అడగకూడదు. శుక్రవారంనాడు జయచంద్ర వాళ్ళమ్మ దగ్గరికి పోయి, వంటింట్లో కూర్చుని, చిక్కుళ్ళు వలుస్తూ మాట మధ్యలో అనాలి. ఒక పండక్కి ఒకటే అడగాలి.

ఒకసారి జీపు వచ్చినప్పుడు, నిండు నెలలతో ఉన్న రూప కంపలో పడింది. బిడ్డకేమీ కాలేదు గానీ మోచేతులు, మోకాళ్ళు గీరుకుపోయాయి. ఆఫీసరు వెళ్ళాక పెద్దమ్మ కాళ్ళలో ముళ్ళు కూడా తీసుకోకుండా నేరుగా జయచంద్ర ముందుకు పోయి నిలబడింది.

"జయన్నా, ఇంగ మేము పరిగెత్తేది లేదు."

"మరి ఆఫీసరొస్తే ఏం సెప్పేది అక్కా? షెడ్డుకు బీగమేసి పోతాడు."

"మేమేమన్నా దొంగలమా, కంపల్లో దూరేదానికి? ఈడనే కూసుంటాం. ఎవురు మీరంటే ఇంటోళ్ళం అంటాం. ఇంటి పని ఇంటోళ్ళు సేసుకుంటే సర్కారుకేం నొప్పి?"

జయచంద్ర ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆమెను తేరిపార చూశాడు. ఇంత తేలికైన ఉపాయం తనకెందుకు తట్టలేదా అని చూశాడనుకుంటాను.

మరునాడు మధ్యాహ్నం సంగటి ముద్దలు ముందు పెట్టుకుని అందరికీ వరసలు పంచింది పెద్దమ్మ.

"శారదమ్మా, నువ్వు జయన్నకు సిన్నమ్మవు."

"నేను ఆయప్పకన్నా సిన్నదాన్ని గదక్కా!"

"వాళ్ళ సిన్నాయన రెండో పెండ్లి సేసుకున్నాడనుకో."

"ఆ ముసిలాయనకా నన్నిచ్చేది? ఇంగో మంచి మొగుడు దొరకలేదా నీకు?"

షెడ్డంతా నవ్వు. రూపను మరదలు అంటే, "మరదలంటే ఆయప్ప పెండ్లాం సీపురుకట్ట తీసుకోనొస్తాది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మేనత్త, వదిన, అక్క కూతురు, అలా ఒక్కొక్కరికీ ఒక్కొక్క చోటు దొరికింది. ఎవరికి ఏ వరసో రెండు మూడు సార్లు ఒప్పజెప్పించుకుంది. చివరికి తబస్సుమ్ మిగిలింది. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్ల. దారం చుట్టలను రెండోసారి పెద్ద చక్రాలకు ఎక్కించే యంత్రం దగ్గర పని ఆమెది.

"నేనక్కా?"

పెద్దమ్మ ముద్ద నమలడం ఆపింది. "నిన్ను యాడ పెట్టేది తల్లీ. బొట్టు లేదు, పేరు సెప్తే తెలిసిపోతాది." కాసేపు ఆలోచించి అంది. "నువ్వు పక్కింటమ్మాయివి. సూసిపోదామని వచ్చినావు."

"దినామూ సూసేదానికే వస్తానా? ఇదేమన్నా సినిమానా?"

మళ్ళీ నవ్వు. తబస్సుమ్ కూడా నవ్వింది. పెద్దమ్మ తన సంగటిలోంచి పెద్ద ముక్క తుంచి ఆ పిల్ల గిన్నెలో వేసింది.

తర్వాత జీపు వచ్చినప్పుడు ఎవరూ లేవలేదు. ఆఫీసరు తలుపు దగ్గర నిలబడి వరసగా చూశాడు.

"ఎవరమ్మా మీరంతా?"

"ఇంటోళ్ళం సార్" అంది పెద్దమ్మ, చెయ్యి నీళ్ళలోంచి తీయకుండానే.

"ఇంత పెద్ద ఇల్లా?"

"మా తాతకు ఇద్దరు పెండ్లాలు సార్."

ఆఫీసరు నవ్వాడు. అడిగినవాళ్ళంతా వరస చెప్పారు. టీ తాగి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆడవాళ్ళు పెళ్ళికి పోయి వచ్చినట్టు కబుర్లు చెప్పుకుంటూ ఇళ్ళకు నడిచారు. ఇక పరుగు లేదు, ముళ్ళు లేవు. తలెత్తుకుని కూర్చున్నచోటే కూర్చున్నారు. అది గెలుపు కాదని అప్పుడు ఎవరు చెప్పినా పెద్దమ్మ ఒప్పుకునేది కాదు.

ఇంటోళ్ళం అన్న ఆ మాట మెల్లగా ఒంటికి పట్టింది, పురుగు వాసన పట్టినట్టే. జయచంద్ర చెల్లెలి పెళ్ళికి ఇంటివాళ్ళని ముందురోజే పిలిచారు. వెళ్ళి గుండిగలు తోమారు, కూరలు తరిగారు, ఆఖరి పంక్తిలో తిని, రవిక గుడ్డలు పట్టుకుని వచ్చారు. ఇంటివాళ్ళు కాబట్టి ఆ రోజుకు కూలి లేదు. ఇంటివాళ్ళు కాబట్టి కరెంటు పోయిన పొద్దు ఎంతసేపైనా కూర్చుని, అది వచ్చాక పని ముగించి పోవాలి. కూలి పెంచమని ఎవరైనా గొణిగితే పెద్దమ్మే అడ్డుపడేది. "గమ్మునుండండి. ఇంట్లో వాళ్ళం పోయి బేరమాడితే బాగుంటాదా? సమయం సూసి నేనడుగుతా గదా." నేను చదివిన పుస్తకాల్లో యజమానులు కొరడా పట్టుకుని ఉంటారు. జయచంద్ర చేతిలో ఎప్పుడూ ఏమీ లేదు. ఆ అవసరం రానివ్వకుండా మా పెద్దమ్మ చూసుకుంది.

తబస్సుమ్ పనిచేసే యంత్రానికి పక్కనే మోటారు బెల్టు తిరిగేది. దానికి అడ్డం ఏమీ లేదు. ఇనుప జాలీ ఒకటి బిగించాలని పెద్దమ్మకు తెలుసు. తబస్సుమే చాలాసార్లు చెప్పింది, "అక్కా, చున్నీ లాగతాండాది" అని. అడగాలనే అనుకుంది. కానీ ఉగాదికి మజ్జిగ అడిగి ఉంది. వెంటనే ఇంకొకటి అడిగితే పద్ధతి కాదు. దసరాకు, ఆయుధపూజనాడు అడుగుదామని పెట్టుకుంది. ఆ రోజు యంత్రాలకు బొట్లు పెట్టి దండం పెడతారు, యజమాని మనసు మెత్తగా ఉంటుంది, కాదనడు.

రెండువేల ఒకటి శ్రావణంలో కరెంటు కోతలు ఎక్కువగా ఉండేవి. కరెంటు పోయినా మోటారు స్విచ్చి ఎవరూ ఆపేవారు కాదు. ఆపితే అది వచ్చిన సంగతి తెలిసేదాకా పని ఆగిపోతుంది. వచ్చిన వెంటనే దానంతటది తిరగడం మొదలైతే ఆ కాస్త కాలం కలిసొస్తుంది. అది ఆ షెడ్డు అలవాటు. ఆ మధ్యాహ్నం యంత్రం ఆగినప్పుడు, చక్రానికి చుట్టుకున్న చిక్కు తీయడానికి తబస్సుమ్ చెయ్యి లోపల పెట్టింది. కరెంటు వచ్చింది. కుడిచేతి మూడు వేళ్ళు బెల్టు కింద నలిగిపోయాయి. పెద్దాసుపత్రిలో వాటిని తీసేశారు.

మొదటి వారం జయచంద్ర రోజూ ఆసుపత్రికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మందులు కొన్నాడు. తర్వాత రావడం మానేశాడు. తబస్సుమ్ తల్లి కమరున్నీసా షెడ్డు దగ్గరికి పోయి ఇక ఈ పిల్ల బతుకు ఏమిటని అడిగితే, నెమ్మదిగానే జవాబు చెప్పాడు. "నేను సేసినంత సేసినా గదమ్మా. నీ బిడ్డ ఈడ సూసేదానికి వచ్చింది. మిషనులో సెయ్యి పెడితే నేనేం సెయ్యాల?"

పెద్దమ్మ కల్పించిన మాటను అతను ఒక్క అక్షరం మార్చకుండా వాడుకున్నాడు.

కమరున్నీసా లేబరు ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. విచారణకు ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. ముందురోజు ఉదయం ఆమె మా ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"బయ్యక్కా, నేనేమీ గొడవకు రాలేదు. ఒక్క మాట సెప్పు సాలు. నా బిడ్డ ఆడ పని సేస్తాన్నిందని. సూసేదానికి పోలేదని."

పెద్దమ్మ తల వంచుకుని ఉంది.

"నువ్వే పిల్సుకోని పోయినావక్కా దాన్ని. పంపించనంటే ఏమన్నావు? నా బిడ్డ మాదిరి సూసుకుంటానంటివే."

"సెప్తాను" అంది పెద్దమ్మ. "నువ్వు పో. నేను సెప్తాను."

మధ్యాహ్నం జయచంద్ర వచ్చాడు. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. మా అమ్మ కుర్చీ వేస్తే కూర్చోకుండా, పెద్దమ్మ కూర్చున్న గడప పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"అక్కా, నీకు నేనేం తక్కువ సేసినాను సెప్పు. తలుపంటే తలుపు. నూనంటే నూనె. ఎప్పుడన్నా కాదన్న్యానా?"

"లేదప్పా."

"రేపు పనోళ్ళమని సెప్తివా, షెడ్డు మూసేయాల్సిందే. సైనా పట్టు దిగినప్పటినుంచి మనకు మిగిలేదేముండాది? నేనెట్లో బతుకుతా. ఈ ఆడోళ్ళంతా యాడికి పోతారో నువ్వే సెప్పు. వీళ్ళని తెచ్చింది నువ్వు."

"ఆ పిల్ల సెయ్యి పాయ గదా జయన్నా."

"నాకు మాత్రం బాధ లేదా? నా సేతనైంది ఇస్తా. ఇంట్లో తేల్సుకుందాం. ఆఫీసులోళ్ళని యాల మధ్యలోకి తెచ్చేది?"

పెద్దమ్మ సరేననలేదు, కాదనలేదు. అతను వెళ్ళాక చాలాసేపు అక్కడే కూర్చుంది. తోటి ఆడవాళ్ళ ఇళ్ళు అన్నీ నడిచి పోయేంత దూరమే. ఆ సాయంత్రం ఒక్క ఇంటికైనా పోయి, రేపు నేనిలా చెప్పబోతున్నాను, మీరూ చెప్పండి అని అనవచ్చు. అనలేదు. ఎవరో ఒకరు జయచంద్ర చెవిన వేస్తారని భయం కొంత. అంతకంటే పెద్దది నమ్మకం. తాను నోరు తెరిస్తే వాళ్ళు వెంట వస్తారనుకుంది. ఇన్నేళ్ళూ అలాగే వచ్చారు కదా.

విచారణకు వచ్చింది కొత్త ఆఫీసరు. ఓపిక ఉన్నవాడిలాగే కనిపించాడట. వాకిలి దగ్గర కమరున్నీసా, ఆమె వెనక చేతికి కట్టుతో తబస్సుమ్. ఆఫీసరు అడగకముందే పెద్దమ్మ బేసిను దగ్గర నుంచి లేచింది. ఆ షెడ్డులో ఆఫీసరు ముందు ఒక ఆడమనిషి లేచి నిలబడడం అదే మొదలు.

"సార్, ఈ పిల్ల ఈడ పని సేస్తాన్నింది. బెల్టుకు జాలీ లేక సెయ్యి పోయింది. మేమూ పనోళ్ళమే సార్. ఇంటోళ్ళం గాము. ఇన్నాళ్ళూ నేను సెప్పింది అబద్దం."

ఆఫీసరు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. దగ్గరగా ఉన్నది శారదమ్మ.

"నువ్వు ఎవరమ్మా?"

శారదమ్మ పెద్దమ్మ వైపు చూసింది, జయచంద్ర వైపు చూసింది, నీళ్ళలోకి చూసింది.

"సిన్నమ్మను సార్."

"నువ్వు?"

"మరదల్ని సార్" అంది రూప.

ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. మేనత్త. వదిన. అక్క కూతురు. ఎవరూ తడబడలేదు. సంగటి తింటూ నేర్చుకున్న పాఠం, నవ్వుతూ నేర్చుకున్న పాఠం, ఎవరికీ మరుపు రాలేదు. పెద్దమ్మ నిలబడే ఉంది.

"ఈ తబస్సుమ్ అనే అమ్మాయి?"

"పక్కింటమ్మాయి సార్" అంది శారదమ్మ, తలెత్తకుండా. "సూసిపోయేదానికి వచ్చేది."

"మరి ఈమె?" ఆఫీసరు పెద్దమ్మను చూపించాడు.

"మా పెద్దక్క సార్" అన్నాడు జయచంద్ర. గొంతులో ఎంత మర్యాదో. "ఇంటి విషయంలో నా మీద రవ్వంత కోపంగా ఉండాది. మేము మేము సర్దుకుంటాం."

ఆఫీసరు పెద్దమ్మను కాసేపు చూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అన్నదమ్ముల, అక్కాతమ్ముళ్ళ తగాదాల్లో తాము తలదూర్చలేమని కమరున్నీసాకు చెప్పాడు. తల్లీ కూతురూ వెనక్కి తిరిగి వెళ్ళారు. వాళ్ళు ఏడ్చి శాపనార్థాలు పెట్టి ఉంటే బాగుండేదని పెద్దమ్మ తర్వాత చాలాసార్లు అంది.

మరునాడు పనికి పోతే ఆమె బేసిను ముందు రూప కూర్చుని ఉంది. "నువ్వు ఇంగ ఇంట్లో రెస్టు తీసుకో అక్కా" అన్నాడు జయచంద్ర. పొమ్మనలేదు. కూలీ అయితే పొమ్మనాలి.

ఆ వారమే శారదమ్మ మా ఇంటికి వచ్చి ఏడ్చింది. పెద్దమ్మ కోప్పడుతుందని వచ్చిందో, కోప్పడాలని వచ్చిందో.

"నా ముగ్గురు బిడ్డలు ఏం తినాలక్కా? షెడ్డు మూసేస్తే?"

"నిన్నేమీ అనలేదు గదే."

"అను. అంటే బాగుంటాది. కానీ నువ్వే నేర్పిస్తివి గదక్కా. మార్చాలంటే ముందే సెప్పొద్దా? అందర్నీ పిలిచి కూసోబెట్టొద్దా? అన్నీ నువ్వే పోయి ఆయప్పతో మాట్లాడుకుంటివి. మమ్మల్ని ఎప్పుడన్నా పిల్సినావా?"

ఆ షెడ్డులో పనిచేసినన్నాళ్ళూ తన మాటకు విలువుందని పెద్దమ్మ నమ్మింది. ఉంది కూడా. తలుపుకు, నూనెకు, మజ్జిగకు సరిపోయేంత ఉంది. ఆ మాట పక్కన ఇంకో పది మాటలు నిలబడేలా ఆమె ఎప్పుడూ చేయలేదు. ఆ అవసరం రాదనుకుంది.

తర్వాత ఆమె కుప్పం వెళ్ళిపోయింది. అక్కడ ఒక గ్రానైటు పాలిషింగు యూనిట్లో, యంత్రం కింద నుంచి వచ్చే బురద ఎత్తిపోసే పని దొరికింది. పగలంతా నీళ్ళలో, రాతిపొడిలో నిలబడాలి. కాళ్ళకు బూట్లు ఇవ్వరు. ఆమె అడగదు. పక్కనున్న ఆడవాళ్ళు "నువ్వు పెద్దదానివి, నువ్వొచ్చి మాట్లాడమ్మా" అంటే, "మీరే పోండి, అందరూ కలిసి పోండి, నన్ను ముందర పెట్టొద్దండి" అని పార తీసుకుంటుంది.

కమరున్నీసా వాళ్ళు పుంగనూరులో తమ్ముడి ఇంటికి మారారు. రెండేళ్ళకు, కుప్పం నుంచి మా ఇంటికి వస్తూ, పెద్దమ్మ ధైర్యం చేసి పుంగనూరు బస్టాండులో దిగింది. ఇల్లు వెతుక్కుంటూ పోతే తబస్సుమ్ ఎదురొచ్చింది. పెళ్ళి కాలేదు. ఇంట్లో వంట, మామ పిల్లలను చూసుకోవడం. అక్కా అని చెయ్యి పట్టుకుంది. టీ పెట్టింది. షెడ్డు సంగతి ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు వీధి చివరిదాకా వెంట వచ్చి, బస్సు దూరంగా కనిపించాక అడిగింది.

"అక్కా, నువ్వుండే ఆడ నాకేమన్నా పనుంటే సూడు. ఈ ఇంట్లో ఊరికే తినేది నాకు సేతగాలేదు. ఎడమసెయ్యి బాగా తిరుగుతాది. నువ్వు సెప్తే తీసుకుంటారు గదా."

"సూస్తాను తల్లీ" అంది పెద్దమ్మ.

కుప్పం చేరాక నిజంగానే అడిగింది. అక్కడికి పోయాక ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కసారే. సూపర్వైజరు పాపన్న మంచివాడే. ముందు ఆమె ఎగతాళి చేస్తోందనుకున్నాడు. "రెండు సేతులుండేవాళ్ళకే పని సాలకుండా ఉండాదమ్మా. మూడు వేళ్ళు లేని పిల్లను ఈ రాళ్ళలోకి తెచ్చి నేనేం సేసేది?" అన్నాడు. ఆమె ఇంకోసారి అడగలేదు. ఆమె చెబితే తీసుకునే చోటు అది కాదు. అలాంటి చోటు ఆమెకు ఒకటే ఉండేది.

లేదన్న సంగతి తబస్సుమ్‌కు చెప్పాలంటే పుంగనూరులో దిగాలి. మా ఇంటికి వచ్చే ప్రతిసారీ పెద్దమ్మ బస్సు ఆ ఊళ్ళో ఆగుతుంది. దిగేవాళ్ళు దిగుతారు, వేరుశనక్కాయలు, జామకాయలు అమ్మేవాళ్ళు ఎక్కుతారు. ఆమె కిటికీ వైపు కాకుండా లోపలి వైపు సీటు చూసుకుని, కొంగు తల మీదికి లాక్కుని, బస్సు కదిలేదాకా అలాగే కూర్చుంటుంది.